మంచింగ్ వేరు, పెయిరింగ్ వేరు

మా తమ్ముడు వైన్స్‌లో పనిచేయడు. వైన్‌తో పనిచేస్తాడు. ఈ ఒక్క అక్షరం తేడా మా చిల్కానగర్ గల్లీకి అర్థం చేయించలేక మా చిన్నమ్మ రెండేళ్లుగా తంటాలు పడుతోంది.

మీకు తెలియంది కాదు. హైదరాబాద్‌లో 'వైన్స్' అంటే మందు షాపు. బోర్డు మీద అమ్మవారి పేరో, ఓనర్ కూతురి పేరో ఉంటుంది, పక్కన 'వైన్స్' అని ఉంటుంది. లోపల గోడ నిండా విస్కీ, బ్రాందీ, బీర్లు. నిజంగా వైన్ అడిగితే కౌంటర్లో అబ్బాయి మనల్ని ఓసారి పైనుంచి కిందికి చూసి, వెనక్కి వెళ్లి, దుమ్ము తుడుచుకుంటూ ఒక సీసా తెస్తాడు. ఇలాంటి చోట "మావోడు వైన్ సర్వ్ చేస్తడు" అంటే ఎవరికైనా ఏం వినిపిస్తుంది? జాలీ వెనక నిలబడి క్వార్టర్లు అందించే పిల్లాడు కళ్ల ముందుకొస్తాడు.

పోయినేడాది బోడుప్పల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది, పిల్లాడు నచ్చాడు, మాటా ముచ్చటా అయిపోయింది. రెండు రోజులాగి పిల్ల తండ్రి దగ్గర్నుంచి ఫోన్. "పిల్లగాడు వైన్స్‌ల చేస్తడటగదా?" అంతే, అక్కడితో ఆగిపోయింది. అప్పట్నుంచి ఎవరడిగినా చిన్నమ్మ "హోటల్ల మేనేజర్" అంటుంది. వాడు మేనేజర్ కాదు. వాడి ఉద్యోగానికి ఒక ఫ్రెంచి పేరుంది, సొమెలియే. ఏ వైన్ కొనాలి, ఎలా దాచాలి, ఏ వంటకం పక్కన ఏది పోయాలి అని చూసుకునే మనిషి. మావాడు ఇంకా జూనియర్. విద్యానగర్ డీడీ కాలనీలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ఇప్పుడు సిటీకి అవతలి చివర ఒక స్టార్ హోటల్ రెస్టారెంట్‌లో చేస్తున్నాడు.

మొన్నొక శనివారం వాళ్ల రెస్టారెంట్లో ఐదు కోర్సుల వైన్ పెయిరింగ్ డిన్నర్ పెట్టారు. స్టాఫ్ ఇంటివాళ్లకి సగం రేటు. సగం అంటే కూడా మా ఇంటి నెల కరెంటు బిల్లుకు రెండింతలు, అది వేరే సంగతి. "అక్కా, నువ్వొక్కసారి వచ్చి చూడు. చూసి అమ్మకు చెప్పు. నేను చెప్తె వినదు" అన్నాడు. అలా వెళ్లాను. తినడానికీ తాగడానికీ అని కాదు, సాక్షిగా.

చిన్నమ్మ ఎందుకు వినదో కూడా చెప్పాలి. బాబాయి ఐడీఏ ఉప్పల్‌లో ఒక చిన్న కంపెనీలో లేత్ మెషిన్ మీద చేసేవాడు. చేతి పని బంగారం. సాయంత్రం షిఫ్ట్ దిగాక పర్మిట్ రూమ్. మొదట్లో శనివారాలు, తర్వాత అన్ని వారాలు. తమ్ముడు పదో తరగతిలో ఉండగా లివర్ ఖరాబై పోయాడు. చిన్నమ్మ ఆ నెలలోనే ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ పెట్టింది. ఆ కూరలమ్మిన డబ్బుతో చదివినవాడే ఇప్పుడు టై కట్టుకుని సీసా మూత తీస్తున్నాడు. ఆమెకు గొంతులో ముద్ద దిగకపోవడంలో వింతేముంది?

ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను. రాయదుర్గం వైపు పోయే బ్లూ లైన్, ఆ చివర్నుంచి ఈ చివరికి ఊరంతా కిటికీలోంచి కనబడుతుంది. హోటల్‌కి చేరేసరికి ఏడున్నర. పొడవాటి టేబుల్, పన్నెండు మందిమి. ఒక్కొక్కరి ముందు ఐదు ఖాళీ గ్లాసులు, ఒకదానికొకటి పోలికలేని సైజుల్లో. తమ్ముడు నన్ను చూసి నవ్వలేదు. డ్యూటీలో ఉన్నాడు కదా. "గుడ్ ఈవినింగ్ మేడమ్" అన్నాడు! చిన్నప్పుడు నా నోట్‌బుక్ పేజీలు చింపి పడవలు చేసిన గాడిద, నన్ను మేడమ్ అంటున్నాడు.

ఇంతకీ కోర్సులంటే ఏం లేదు, ఒక్కో ప్లేటు ఒక్కోసారి రావడం. యూరప్‌లో కూడా ఒకప్పుడు అన్నీ ఒకేసారి టేబుల్ మీద పెట్టేసేవాళ్లు. ఒకటి తిన్నాక ఇంకొకటి తెచ్చే పద్ధతి 19వ శతాబ్దంలో పాతుకుంది, దాన్ని రష్యన్ పద్ధతి అంటారు. మనం విస్తట్లో అన్నీ ఒకేసారి వడ్డించుకుంటాం గానీ తినడం మాత్రం వరసలోనే తింటాం కదా. పప్పులో నెయ్యి, తర్వాత కూర, తర్వాత పులుసో చారో, చివర పెరుగు. ఆ వరస మన చేతిలో ఉంటుంది, అక్కడ వెయిటర్ చేతిలో ఉంటుంది. అంతే తేడా.

మొదటి ప్లేటులో రూపాయి బిళ్లంత పునుగులు మూడు. వాటితో నురగలొచ్చే స్పార్క్లింగ్ వైన్, నాసిక్‌ది. పునుగు కొరికి ఒక గుటక వేస్తే నోట్లో నూనె జిడ్డు మొత్తం కడిగేసినట్టు పోయింది. మళ్లీ కొత్తగా ఇంకో పునుగు తినాలనిపించింది. మిర్చి బజ్జీ మీద నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ ముక్కలు చల్లుకుంటాం చూడండి, అదే పని. పులుపు నూనెను కోస్తుంది. ఇక్కడ పులుపుతో పాటు బుడగలు కూడా ఉన్నాయి.

రెండోది గోంగూర రొయ్యలు. పక్కన సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్. తమ్ముడు అందరికీ ఒక మాట చెప్పాడు. "ముందు తినకుండా ఒక్క సిప్ తీసుకోండి. తర్వాత రొయ్య తినండి. తర్వాత మళ్లీ సిప్." మొదటి సిప్పు మొహం ముడుచుకునేంత పులుపు. గోంగూర తిన్నాక అదే గ్లాసు, అదే వైన్, కాస్త తియ్యగా, పండులా అనిపించింది. నా ఎదురుగా కూర్చున్న ఆవిడ గ్లాసు మార్చారేమో అని అటూ ఇటూ చూసింది కూడా.

సంగతేంటంటే, నాలుక లెక్కలన్నీ పోలిక మీదే నడుస్తాయి. బాగా పుల్లటిది తిన్నాక దానికంటే తక్కువ పులుపున్నది పులుపుగా తోచదు, దాని వెనక దాక్కున్న తీపి బయటికొస్తుంది. ఉసిరికాయ నమిలి నీళ్లు తాగితే తియ్యగా అనిపిస్తుంది కదా, అచ్చంగా అదే కారణం కాకపోయినా ఆ జాతి మాయే. అందుకే వాళ్ల మొదటి సూత్రం: వంటకంలో ఎంత పులుపుందో వైన్‌లో కనీసం అంత ఉండాలి. తక్కువైతే వైన్ చప్పగా, నీళ్లలా అయిపోతుంది. ఇంకో విషయం తెలిసి నాకు భలే ముచ్చటేసింది. ద్రాక్షలో ఉండే ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. పండ్లలో అది ఎక్కువగా దొరికేవి చాలా తక్కువ. వాటిలో ఇంకోటేంటో తెలుసా? చింతపండు. అంటే ఫ్రాన్సువాడి గ్లాసులో పులుపూ మన పులిహోరలో పులుపూ ఒక్క తల్లి పిల్లలే.

మూడోది పుట్టగొడుగులది. బాగుంది. అంతకంటే దాని గురించి చెప్పడానికేం లేదు.

నాలుగోది వచ్చేసరికి టేబుల్ మీద కథ మొదలైంది. నెమ్మదిగా ఉడికించిన మటన్, దానికి కెబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్. ఆ సీసా హంపి దగ్గర కొప్పళ జిల్లా తోటది. క్రస్మా ఎస్టేట్స్. దాన్ని పెట్టింది మన తెలుగువాళ్లే, హైదరాబాద్‌లో మందుల కంపెనీ గ్రాన్యూల్స్ నడిపే కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమ దంపతులు. ఈ ముక్క తమ్ముడు చెప్పగానే టేబుల్ మీద అందరూ సీసాను చుట్టం చూసినట్టు చూశారు.

నా పక్కన బ్లేజర్ వేసుకున్న ఒక అంకుల్. గ్లాసు తిప్పి, ముక్కు లోపల దాకా పెట్టి "బ్లాక్ కరెంట్... సిగార్ బాక్స్..." అన్నాడు. నేనైతే జీవితంలో బ్లాక్ కరెంట్ అనేది ఐస్‌క్రీమ్‌లో తప్ప ఎక్కడా తినలేదు. ఆయన తిన్నాడో లేదో మరి. తమ్ముడు నా గ్లాసు నింపే వంకతో వంగి మెల్లగా అన్నాడు. "అక్కా, నేరేడు పండ్లు తిన్నంక నాలుక పట్టేస్తది సూడు. గదే."

నిజంగా గదే! వైన్ వాళ్ల భాషలో దాన్ని టానిన్ అంటారు. ద్రాక్ష తొక్కలోంచి, గింజల్లోంచి వస్తుంది. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లుంటాయి, టానిన్ వెళ్లి వాటిని పట్టేసుకుంటుంది. నోరు ఎండినట్టు, బిగుసుకున్నట్టు అవుతుంది. మాంసం తోడైతే దానిలోని ప్రొటీన్‌నీ కొవ్వునీ పట్టుకుంటుంది, నాలుకను వదిలేస్తుంది, వైన్ మెత్తబడుతుంది. ఇదంతా పుస్తకాల్లో చదివి నేర్చుకోవాల్సిన సంగతని ఆ అంకుల్ అనుకుంటున్నాడు. మనకు దీనికి చిన్నప్పట్నుంచీ మాట ఉంది: వగరు. షడ్రుచుల్లో ఒకటి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరు, వేపపువ్వు చేదు విడివిడిగా పట్టుకోవడం మనకు ఐదేళ్లకే వచ్చేస్తుంది. చేదు వేరు, వగరు వేరు అని చెప్పలేక కొత్తగా వైన్ నేర్చుకునేవాళ్లు నెలలు తంటాలు పడతారట.

కథ అంటే ఇది కాదు, ఇప్పుడొస్తుంది. ఆ బ్లేజర్ అంకుల్‌కి మటన్‌లో కారం సరిపోలేదు. "కాస్త పచ్చిమిర్చి, ఆవకాయ ఉంటే తెప్పించవయ్యా" అన్నాడు. తమ్ముడు "సర్, రెడ్ వైన్‌తో కొంచెం..." అని చెప్పబోయాడు. "ఏం కాదు, మాది గుంటూరు" అన్నాడాయన. తెచ్చారు. ఒక ముక్క ఆవకాయ, వెంటనే ఒక పెద్ద గుటక ఎర్ర వైన్. అంతే. కళ్లల్లో నీళ్లు, చెవులు ఎర్రగా, నోరు తెరిచి చేత్తో విసురుకుంటున్నాడు. గుంటూరు పరువు టేబుల్ మీద పోయింది.

ఎందుకలా అయ్యిందంటే, మిరప కారం అసలు రుచే కాదు. నోట్లో వేడిని పసిగట్టే చోటును అది తడుతుంది, మనకు కాలినట్టు అనిపిస్తుంది. ఆల్కహాల్ కూడా అదే చోటును రెచ్చగొడుతుంది. రెండూ కలిస్తే మంట మీద పెట్రోలు. పైగా వగరు వల్ల నోరు ముందే ఎండిపోయి ఉంటుంది. నీళ్లు తాగినా లాభం లేదు, కారం నీళ్లలో కరగదు.

తమ్ముడు ఆ అంకుల్‌ని ఒక్క మాట అనలేదు. 'నేను ముందే చెప్పాను సర్' అనే చూపు కూడా చూడలేదు. చిన్న గిన్నెలో పెరుగన్నం రెండు స్పూన్లు తెచ్చిపెట్టాడు. అది తిన్నాక, చివరి కోర్సు కోసం ఐస్‌లో పెట్టిన తియ్యటి తెల్ల వైన్ ఒక చుక్క ముందుగానే పోశాడు. చల్లగా, తియ్యగా, ఆ ఎర్ర వైన్ కంటే ఆల్కహాల్ తక్కువగా. రెండు నిమిషాల్లో ఆయన మనిషయ్యాడు. ఇంకో ముక్క ఆవకాయ తిని, ఇంకో గుటక వేసి, "అరే, ఇది కుదిరిందయ్యా!" అన్నాడు. వంటింట్లోంచి షెఫ్ బయటికొచ్చి చూశాడు. నాకెందుకో అప్పుడు చిన్నమ్మ అక్కడ ఉంటే బాగుండనిపించింది. వాడి పని ఏంటో ఆ రెండు నిమిషాల్లో కనబడింది.

ఐదోది మన ఖుబానీ కా మీఠా. దానితో అదే తియ్యటి వైన్. ద్రాక్ష గుత్తుల్ని కోయకుండా చెట్టు మీదే ముడతలు పడేదాకా ఉంచి చేస్తారు, అందుకే అంత తీపి. స్వీటు కంటే వైన్ తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ పులిసిపోయినట్టు తోస్తుంది. స్వీట్ తిన్నాక టీ తాగితే చక్కెర లేనట్టు ఉంటుంది కదా, ఆ లెక్కే.

మెట్రోలో తిరిగొస్తూ ఆలోచించాను. మనకు పెయిరింగ్‌కి దగ్గరగా ఉన్న మాట ఒక్కటే, మంచింగ్. రెండూ ఒకటేగా అనుకుంటాం. మందు, పక్కన ఏదో తిండి. కానీ కాదు. మంచింగ్ అంటే మందు దిగడానికి తిండి. పల్లీలు, చికెన్ పకోడి, ఏదైనా సరే, ఘాటు కప్పెయ్యాలి, ఇంకో పెగ్గు పట్టాలి. అక్కడ తిండి మందుకు కూలి పనిచేస్తుంది. పెయిరింగ్‌లో తిండే పెద్దమనిషి, గ్లాసు దాని పక్కన నిలబడే తోడు. బాబాయిది మంచింగ్. తమ్ముడిది పెయిరింగ్. మా గల్లీకి రెండో దానికి మాట లేదు కాబట్టి రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తోంది.

మాట లేకపోయినా అలవాటు మాత్రం మనకు కొత్త కాదు. కారం తిండికి సొమెలియేలు ఎలాంటిది వెతుకుతారు? ఆల్కహాల్ తక్కువ, కొంచెం తీపి, కొంచెం పులుపు, కొద్దిగా బుడగలు. ఇది చదువుతుంటే మీకేం గుర్తొస్తోంది? నాకైతే లొట్టిలోంచి అప్పుడే వంచిన ఈతకల్లు. పొద్దున తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుపెక్కుతుంది, లోపల ఈస్ట్ పని ఆపదు కదా. దాని పక్కన గుడాలు, కారం దట్టించిన బోటి. ఏ వైన్ పుస్తకమూ చదవకుండా ఊళ్లో గౌడన్నలు, వాళ్ల దగ్గర తాగినవాళ్లు కుదిర్చిన జత అది. చెట్టు చెట్టుకీ రుచి మారుతుందని వాళ్లకు తెలుసు, తాటికల్లుకైతే కాలాన్ని బట్టి పోద్దాడు, పరుపుదాడు, పండుతాడు అని పేర్లూ పెట్టుకున్నారు. ఇదే మాట ఫ్రాన్సువాడు తోట గురించి చెప్తే మనం నోరు తెరుచుకుని వింటాం.

అలాగని ఈ వారం సిటీలో కల్లు కాంపౌండ్‌కి పరిగెత్తకండి. డైజెపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఎంత పని చేస్తుందో 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు చూశాం, ప్రాణాలే పోయాయి. చెట్టు కింద వంచింది వేరు, డ్రమ్ములో కలిపింది వేరు.

ఇంకో లెక్క కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఇన్‌స్టాలో ఈ డిన్నర్ల రీల్స్ చూసి 'ఐదు గుక్కలేగా' అనుకునేవాళ్లు చాలామంది. ఒక్కో కోర్సుకు 75 మిల్లీలీటర్లు పోశారనుకోండి. ఐదు కలిపితే 375. అంటే సగం సీసా. 13 శాతం ఆల్కహాల్ లెక్కన దాదాపు 49 మిల్లీలీటర్ల అసలు సరుకు. 42.8 శాతం ఉండే మన విస్కీ 60 మిల్లీలీటర్ల లార్జ్‌లో ఉండేది దాదాపు 26. అంటే తెల్ల టేబుల్ క్లాత్ మీద, పియానో పాట వింటూ, దాదాపు రెండు లార్జులు తాగినట్టే. లివర్‌కి పియానో వినబడదు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. బ్రీత్ ఎనలైజర్ పట్టుకున్న పోలీసన్న 'వైన్ సర్, పెయిరింగ్ సర్' అంటే వదిలిపెట్టడు. అందుకే నేను మెట్రో. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకైతే ఈ గొడవే లేదు, వాళ్లకు పొయ్యకూడదు. 'రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకు మంచిది' అనే ఫార్వర్డ్‌ని కూడా ఇక పంపకండి. తాగితే ఇంతవరకు ఫరవాలేదు అనే గీత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2023 జనవరిలోనే చెప్పేసింది.

మర్నాడు ఆదివారం. సాక్ష్యం చెప్పడానికి చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. కర్రీ పాయింట్‌కి పొద్దున వంట అయిపోయి, బెండకాయ వేపుడు కవర్లలో కడుతోంది. చేతులు ఆగలేదు.

"ఏమాయె? తాగుతున్నడా?" అని అడిగింది. ఎలా ఉంది, ఏం పెట్టారు, ఏదీ అడగలేదు.

"తాగట్లేదు చిన్నమ్మా. నోట్లో పోసుకుని ఉమ్మేస్తడు."

చేతిలో రబ్బరు బ్యాండ్ ఆగింది. "ఉమ్మేస్తడా? గంత పైసలు పెట్టి కొన్నది?"

ఉమ్మేస్తాడు. డిన్నర్ మొదలుకాకముందు నేను చూశాను. తెరిచిన ప్రతి సీసాలోంచీ ఒక చుక్క పోసుకుని, వాసన చూసి, నోట్లో తిప్పి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేశాడు. కార్క్ పాడైతే వైన్‌కి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుందట. అది కస్టమర్ ముక్కుకు చేరేలోపే వీడి ముక్కు పట్టుకోవాలి. ఒక పూటకి అలా ఇరవై, ముప్పై చుక్కలు. మింగితే ఆరో చుక్కకే ముక్కు, నాలుక మొద్దుబారిపోతాయి, ఉద్యోగం పోతుంది. మత్తెక్కితే పనికిరాని ఉద్యోగం అది. ఇదంతా చెప్పాను. చిన్నమ్మ వింది. నమ్మిందని చెప్పలేను. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఒక్క చుక్క కింద పోయనివ్వకపోవడం చూసిన కళ్లు అవి.

అప్పుడే తమ్ముడు లేచి వచ్చాడు. వాడికి వచ్చే నెల పరీక్ష. లండన్‌లోని వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ వాళ్ల మూడో లెవెల్. రాత పరీక్షతో పాటు రెండు గ్లాసుల్లో పేరు చెప్పకుండా వైన్ పోసి ఇస్తారు. పులుపెంత, వగరెంత, తీపెంత, అన్నీ రాయాలి. దానికి ఇంట్లో వాడి ప్రాక్టీసు ఏంటో తెలుసా? వైన్ కాదు. స్టీలు గ్లాసులు తొమ్మిది. మూడింట్లో చింతపండు నీళ్లు, పలచగా, మధ్యస్థంగా, చిక్కగా. మూడింట్లో చల్లారిన టీ డికాక్షన్, అదే లెక్కలో. మూడింట్లో చక్కెర నీళ్లు. గ్లాసుల్ని కలిపేసి, కళ్లు మూసుకుని వరస పెట్టాలి.

నేను కలిపాను. తమ్ముడు తాగి, ఉమ్మి, వరస పెట్టాడు. డికాక్షన్‌లో రెండు తారుమారయ్యాయి.

"తే ఇటు" అంది చిన్నమ్మ. చేతులు కొంగుకి తుడుచుకుని కూర్చుంది. కళ్లు మూసుకోమంటే మూసుకోలేదు, "గ్లాసు చూస్తె రుచి కనవడ్తదారా" అని కసిరింది. ఒక్కొక్కటీ నాలుక మీద పెట్టుకుని పక్కన పెట్టింది. తొమ్మిదీ వరసలో పెట్టేసింది. ఒక్కటీ తప్పలేదు. అంతటితో ఆగకుండా చిక్కటి చింతపండు గ్లాసు చూపించి, "ఇది పోయినేడు చింతపండు. డబ్బా అడుగున ఉన్నది తీసినవు. కొత్తదైతె గింత తీపి ఉండదు" అంది. డికాక్షన్ చూపించి, "ఇది నువ్వు పొడి ఎక్కువేసి చెయ్యలె. ఉన్నదాన్నే ఎక్కువ మరిగిచ్చినవు. వగరు ఆడికే తెలుస్తది."

తమ్ముడు నా వంక చూశాడు. వాళ్ల హోటల్లో ఈ పని చేయగలిగిన వాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారట. పదమూడేళ్లుగా రోజూ నాలుగు కూరలు, రెండు పప్పులు, సాంబారు రుచి చూసిన నాలుక అది. సాంబారులో ఉప్పు తక్కువైతే వాసనకే చెప్పేస్తుంది.

"ద్రాక్ష మన అంగూర్‌తోనే చేస్తరా?" అని అడిగింది కాసేపటికి. మొదటిసారి ఆ పని గురించి అడిగిన ప్రశ్న. కాదని చెప్పాడు తమ్ముడు. ఒకప్పుడు హైదరాబాద్‌కి పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ, మేడ్చల్, శామీర్‌పేట వైపు తోటల్లో కాసిన పండు, అది తినడానికి. పెద్దది, నీరెక్కువ. వైన్ పండు చిన్నది, తొక్క మందం, గింజలుంటాయి, తింటే వగరు. "అయితే మన తోటలు పోయినయని బాధ లేదులే, గా పనికి రావు" అంది. ఆ తోటల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కాస్తున్నాయి.

"పరీక్షల రెండు గ్లాసులు తాగాల్నా?"

"చుక్క చుక్క, అమ్మా. ఉమ్మేయొచ్చు."

"ఇంట్ల ఎప్పుడన్న నిజం సీసా తెచ్చి నేర్చుకోవాల్నా?"

తమ్ముడు వెంటనే జవాబు చెప్పలేదు. "తేవాలె. ఒక్కసారన్న. అడుగుదామంటె భయమైంది" అన్నాడు.

చిన్నమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడైంది. ఒక పాత స్టీలు చెంబు తెచ్చింది, సొట్టలు పోయి, పక్కన బాబాయి పేరు చెక్కి ఉన్నది, పెళ్లినాటిది. మావాడి ముందు పెట్టింది.

"తెచ్చుకో. ఇందుల ఉమ్ము. నా ముందట కూసోని ఉమ్ము. నాకు కనవడాలె."

మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. గేటు దగ్గర ఎవరో పప్పు, బెండకాయ వేపుడు ఒక్కొక్కటి అడుగుతున్నారు. ఆమె కవర్లు అందుకుని బయటికి వెళ్లిపోయింది.